అంకితం అంటే అసలు అర్థం ఏమిటి? రాచకొండ రాజుకు భాగవతం ఇవ్వని పోతనగారి జీవితం

 

మొన్న నల్గొండలో ఒక రిటైర్మెంట్ ఫంక్షన్‌కి వెళ్ళాను. మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ పెద్దాయన అంకితభావంతో పనిచేశారనే చెప్పారు. ఇంటికొస్తుంటే ఆటోలో ఎఫ్ఎం రేడియో మోగుతోంది, ఎవరో తన దోస్తుకు ఒక పాట అంకితం ఇచ్చాడు. రాత్రి టీవీలో సినిమా పెడితే మొదట్లోనే ఫలానావారి సమర్పణ అని పడింది. ఇవన్నీ గుడిలో పుట్టి బయటికొచ్చిన మాటలే కదా అనిపించింది. మనం రోజూ వాడుతున్నాం గానీ ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్కసారైనా ఆగి చూసుకున్నామా?

అందుకే ఈ వారం ఈ మాటల గురించే మాట్లాడుకుందాం. మాటల వెనక ఒక మనిషి కూడా ఉండాలి కాబట్టి, బమ్మెర పోతనామాత్యుల జీవితం చెప్పుకుందాం. అంకితం అనే ఒక్క మాట మీద జీవితమంతా నిలబెట్టుకున్న మహానుభావుడు ఆయన. ఆయన పద్యాలు మీకు నోటికి వచ్చినవే, చిన్నప్పుడు బడిలో అప్పజెప్పినవే. వాటిని ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. కథ మాత్రం చెప్తాను.

ముందు రాచకొండ గుట్టల దగ్గరికి రండి. రాచకొండ అనగానే ఇప్పుడు చాలామందికి పోలీస్ కమిషనరేట్ గుర్తుకొస్తుంది. 2016లో ఆ పేరు పెట్టారు. అసలు రాచకొండ మన పాత నల్గొండ జిల్లాలోది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా, సంస్థాన్ నారాయణపురం మండలం. కాకతీయుల పాలన ముగిసిన తర్వాత 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఇక్కడ రాజధాని కట్టుకున్నారు. వాళ్ళ ఇంకో శాఖ దేవరకొండలో ఉండేది. గుట్ట ఎక్కుతుంటే సున్నం లేకుండా పెద్ద పెద్ద బండరాళ్ళు పేర్చిన గోడలు, రాతి ద్వారబంధాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎండాకాలంలో వెళ్తే మాత్రం నీళ్ళ బాటిల్ మర్చిపోకండి, పైన నీడ తక్కువ.

ఈ రాచకొండ రాజులు సాహిత్యం తెలిసినవాళ్ళు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే పోతనగారి కథలో రాజును ఎప్పుడూ దుర్మార్గుడిగానే చూపిస్తారు. సర్వజ్ఞ సింగభూపాలుడనే రాజు సంస్కృతంలో రసార్ణవసుధాకరం అనే అలంకార గ్రంథం రాశాడు. నాటకం ఎలా ఉండాలి, రసం అంటే ఏమిటి అని వివరించే పెద్ద గ్రంథం అది. శ్రీనాథుడంతటివాడు రాచకొండ సభకు వెళ్ళేముందు ఈ రాజును మెప్పించేలా చూడమని సరస్వతిని వేడుకున్నాడని చెప్తారు. అయితే ఆ సింగభూపాలుడు 14వ శతాబ్దం చివరివాడు. పోతన 15వ శతాబ్దపు మనిషి. ఆ వంశంలో తాత పేరు మనుమడికి పెట్టడం మామూలే కాబట్టి, పోతన కాలంలో ఉన్నది అదే పేరు, అదే బిరుదు ఉన్న తర్వాతి రావు సింగమనాయకుడని పండితులు లెక్కగట్టారు.

ఇక పోతనగారి ఇల్లు. తండ్రి కేసన, తల్లి లక్కసాని, అన్న తిప్పన. కౌండిన్య గోత్రం, నియోగి బ్రాహ్మణ కుటుంబం. ఈ వివరాలు ఆయనే భాగవతం మొదట్లో చెప్పుకున్నారు. ఊరు బమ్మెర. ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. పక్కనే పాలకుర్తి, బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు. పోతన పుట్టేనాటికి ఆ చుట్టుపక్కల గాలి అంతా శివనామమే. పోతన ఇల్లు కూడా శైవుల ఇల్లే. ఆయన మొదటి రోజుల్లో రాసిన వీరభద్రవిజయం దక్షయజ్ఞం కథ. ఇవటూరి సోమనారాధ్యులనే గురువుగారి ప్రేరణతో రాశారు.

ఊరి విషయంలో ఒక వివాదం ఉందని మీకు తెలిసే ఉంటుంది. పోతన తనది ఏకశిలానగరం అన్నారు. ఏకశిల అంటే ఒంటి రాయి. ఓరుగల్లుకూ అదే అర్థం, కడప జిల్లా ఒంటిమిట్టకూ అదే అర్థం. ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని బాగుచేయించిన వావిలికొలను సుబ్బారావుగారు పోతన మావాడే అని గట్టిగా వాదించారు. ఇటు ఓరుగల్లు వైపు వాళ్ళు ఇంటిపేరులోనే బమ్మెర ఉంది కదా అన్నారు. నా మటుకు నాకు బమ్మెర ఊరే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. ఒంటిమిట్ట రాముడి ముందు నిలబడి పోతన భాగవతం తలుచుకునేవాళ్ళ భక్తికి నేను అడ్డు చెప్పను. ఇద్దరు తల్లులు ఒకే బిడ్డ కోసం పోట్లాడుకుంటున్నారంటే ఆ బిడ్డ అదృష్టవంతుడు.

పోతనకు సహజ పండితుడని పేరు. ఎవరి దగ్గరా కూర్చుని ఏళ్ళ తరబడి శాస్త్రం చదువుకోకుండానే పాండిత్యం అబ్బినవాడని అర్థం. వ్యవసాయం చేసుకుని బతికారని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. బమ్మెరలో ఇప్పటికీ పోతన పొలం, పోతన సమాధి చూపిస్తారు.

ఇప్పుడు మన మొదటి మాట. భక్తి.

భక్తి అనే మాట సంస్కృతంలో భజ్ అనే ధాతువు నుంచి వచ్చింది. భజ్ అంటే సేవించడం అని మనకు తెలుసు. దానికి ఇంకా పాత అర్థం పంచుకోవడం. భాగం అనే మాట అందులోంచే వచ్చింది. విభజన, వ్యాకరణంలో విభక్తి, అన్నీ ఆ చెట్టు కొమ్మలే. సంస్కృతంలో భక్తం అంటే అన్నం అని కూడా అర్థం, వంతుగా వచ్చిన తిండి అన్నమాట. మన పల్లెల్లో పొలం పాలుకు ఇస్తారు, పండినదాంట్లో నీకింత నాకింత అని. దాయాదులను పాలోళ్ళు అంటారు, ఆస్తిలో పాలు ఉన్నవాళ్ళు కాబట్టి. ఆ లెక్కన భక్తుడంటే దేవుడిలో పాలు ఉన్నవాడు, తనలో దేవుడికి పాలు ఇచ్చినవాడు. భాగవతం అనే పేరు కూడా భగవంతుడి నుంచి వచ్చింది, భగ అనే మాట కూడా ఈ భజ్ లోంచే. నాగలి పట్టిన పోతనకు ఈ పాలు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉండాలి. అంకితం.

అంక అంటే గుర్తు. అంకె అనే మాట అందులోంచే వచ్చింది. అంకితం అంటే గుర్తు వేయబడినది. శ్రీవైష్ణవుల ఇళ్ళల్లో సమాశ్రయణం చేసేటప్పుడు శంఖచక్రాలు కాల్చి భుజాల మీద ముద్ర వేస్తారు, వాళ్ళను చక్రాంకితులంటారు. అదే అంకితం. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, అచ్చోసిన ఆంబోతు అని మనం తిట్టుగా వాడతాం చూడండి, అసలు అది తిట్టు కాదు. పూర్వం దేవుడి పేరు మీద ఒక కోడెను వదిలేటప్పుడు దాని ఒంటి మీద అచ్చు వేసేవాళ్ళు. అచ్చు పడ్డ తర్వాత దాన్ని ఎవరూ కట్టెయ్యకూడదు, కాడికి పెట్టకూడదు, సంతలో అమ్మకూడదు. ఎవరి చేలో పడి మేసినా కొట్టకూడదు. అది దేవుడిది. ఇంకొకరికి దాని మీద హక్కు లేదు.

అంకితం అంటే ఇదే. ఫలానావారికి ఇది ఇస్తున్నానని చెప్పడం ఒక పక్క. ఇక ఇది ఇంకెవ్వరిదీ కాదని చెప్పడం ఇంకో పక్క. ఆ రెండో పక్క దగ్గరే పోతనకు చిక్కు వచ్చింది.

పాతకాలంలో కవి కావ్యం రాసి రాజుకో, మంత్రికో, పెద్ద వర్తకుడికో అంకితం ఇచ్చేవాడు. రాసినవాడు కృతికర్త, పుచ్చుకున్నవాడు కృతిపతి లేదా కృతిభర్త. భర్త అనే మాట ఊరికే రాలేదు. కావ్యాన్ని కన్య అనుకుంటే, కవి ఆడపిల్ల తండ్రి. అంకితం ఇవ్వడమంటే కన్యాదానం చేయడం. అల్లుడు గొప్పింటివాడైతే తండ్రికి గౌరవం, అగ్రహారాలు, పల్లకి, బంగారం. శ్రీనాథుడు శృంగారనైషధం మామిడి సింగన మంత్రికి ఇచ్చాడు, కాశీఖండం వీరభద్రారెడ్డికి ఇచ్చాడు, హరవిలాసం అవచి తిప్పయ్యశెట్టి అనే వ్యాపారికి ఇచ్చాడు. ఇందులో తప్పేమీ లేదు, అది ఆ కాలపు పద్ధతి. తాటాకులు, రాయసగాళ్ళు, ఏళ్ళ తరబడి కూర్చుని రాయడం, ఇంటిల్లిపాది తిండి, దీనికంతా ఖర్చు ఎవరు పెట్టాలి?

మనుషులకు ఇవ్వనివాళ్ళూ పోతనకు ముందే ఉన్నారు. తిక్కన మొదట నిర్వచనోత్తర రామాయణం మనుమసిద్ధి రాజుకు ఇచ్చి, భారతం దగ్గరికి వచ్చేసరికి హరిహరనాథుడికి ఇచ్చాడు. మన పాలమూరు వైపు చూస్తే ఇంకో రకం ఉంది. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని వద్దెమాను, అప్పటి వర్ధమానపురం, ఏలిన గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో రామాయణం మొత్తం ద్విపదలో రాసి తండ్రి విఠ్ఠలనాథుడి పేర నిలబెట్టాడు. రంగనాథ రామాయణం అని మనం పిలిచేది దాన్నే. ఉత్తరకాండ ఆయన కొడుకులు పూర్తిచేశారు. తనే పాలకుడు కాబట్టి ఆయన ఇంకొకరి దయ కోసం చూడాల్సిన పని లేదు. తండ్రికి ఇచ్చుకున్నాడు. వద్దెమాను కథ ఇంకోసారి.

పోతన పరిస్థితి వేరు. ఆయనకు కోట లేదు, మంత్రి పదవి లేదు. పైగా ఆయన రాచకొండకు కొత్తవాడు కాదు. భోగినీదండకం అనే చిన్న రచన ఆయన పేరు మీద ఉంది. రావు సింగమనాయకుణ్ణి చూసి ప్రేమించిన ఒక భోగినీ కన్య కథ అది. అది పోతనది కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు. భక్తుడైన పోతన అలాంటిది రాస్తాడా అని కొందరు భక్తులు బాధపడతారు కూడా. నాకైతే అది ఆయనదే అయితే మరీ మంచిది అనిపిస్తుంది. రాజు కొలువు రుచి తెలియనివాడు వద్దనడంలో ఏముంది? ఒకసారి ఇచ్చి, ఆ ఇవ్వడం ఎలా ఉంటుందో చూసి, రెండోసారి ఇవ్వనన్నాడంటే దానికి బరువు ఉంది.

ఆ మార్పు ఎలా వచ్చిందో పోతనే చెప్పుకున్నారు. ఒక పున్నమినాడు చంద్రగ్రహణం పట్టింది. గంగకు వెళ్ళి స్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చుని మహేశ్వరుణ్ణి ధ్యానం చేస్తున్నారు. గంగ అంటే కాశీలో గంగేనా అని పండితులు తర్జనభర్జన పడ్డారు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గోదావరి స్నానానికి పోతే గంగకు పోయొచ్చినం అంటారు, ఆ మాట కూడా గుర్తుపెట్టుకోండి. కళ్ళు సగం మూసి శివుణ్ణి తలుచుకుంటుంటే, ఎదురుగా కనిపించింది రాముడు. పక్కన మెరుపుతీగలాంటి సీతమ్మ. భుజాన విల్లు. తను రామభద్రుణ్ణని చెప్పి, తన పేరు గుర్తుగా వేసి భాగవతం తెలుగు చెయ్యమని, అలా చేస్తే సంసారబంధాలు తెగుతాయని చెప్పి మాయమయ్యాడు.

ఇది శ్రద్ధగా చూడండి. ధ్యానం చేసింది శివుణ్ణి. వచ్చింది రాముడు. రాయమన్నది కృష్ణుడి కథ. ఒక్కో స్కంధం మొదట్లో పోతన పిలిచేది రాముణ్ణి. కావ్యం మొదట్లో కృతిపతిని పొగిడే షష్ఠ్యంతాలు నందగోకులంలో తిరిగిన కృష్ణయ్యకు. శైవుల ఇంట్లో పుట్టినవాడు, వీరభద్రుడి కథ రాసిన చేత్తోనే ఇది రాశాడు. శివుడు వేరు, విష్ణువు వేరని తలలు పగలగొట్టుకున్న రోజులవి, ఆ పోట్లాటలో ఈయన ఏ పక్కా చేరలేదు.

ఇంకొక సంగతి కూడా ఆయన చెప్పుకున్నారు. తనకు ముందున్న నన్నయ, తిక్కన వంటి మహాకవులు భారతాన్నీ, పురాణాలనూ తెలుగు చేశారు గానీ భాగవతాన్ని వదిలేశారు, అది తన పూర్వజన్మ పుణ్యమే అని సంతోషపడ్డారు. వంట పూర్తయ్యాక తనకోసం ఒక గిన్నె మిగిల్చి ఉంచారని తెలిసిన పిల్లవాడి సంతోషం అది. రాయడం మొదలుపెట్టాక కూడా కర్తనని చెప్పుకోలేదు. చెప్పేది భాగవతం, చెప్పించేది రాముడు, నోరు మాత్రం నాది అన్నట్టు మాట్లాడారు.

రాముడి పేరు అచ్చు పడింది కదా. ఇప్పుడు కబురు రాచకొండకు చేరింది. భాగవతం తెలుగులో వస్తోంది, ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. రాజు తనకు అంకితం ఇమ్మన్నాడు. సాహిత్యం తెలిసిన రాజుకు ఆ ఆశ కలగడంలో వింత లేదు. భారతం చెప్పించిన రాజరాజనరేంద్రుడి పేరు నన్నయతోపాటు నాలుగు వందల ఏళ్ళుగా నిలిచి ఉంది. భాగవతంతో తన పేరు నిలవాలని ఏ రాజు కోరుకోడు?

పోతన ఇవ్వలేదు. ఇవ్వనని ఊరుకోలేదు, కావ్యంలోనే ఆ మాట రాసి పెట్టారు. నీచులైన రాజులకు పుస్తకం ఇచ్చి, ఊళ్ళూ వాహనాలూ డబ్బూ పుచ్చుకుని, ముసలితనం వచ్చి పోయాక యముడి సమ్మెట దెబ్బలు తినడం నావల్ల కాదు, లోకానికి మేలు కలగాలని దీన్ని శ్రీహరికి ఇస్తున్నానని. ఇది మామూలు మాట కాదు. రాజు ఏలుబడిలో ఉంటూ, రాజు చూసే పుస్తకంలో ఇలా రాయడం. ఇంకో పద్యం కూడా ఆయన పేరు మీద నడుస్తోంది. కావ్యకన్యను దుర్మార్గులకు అమ్ముకుని ఆ కూడు తినేకంటే, పెళ్ళాం బిడ్డల కోసం కవి నాగలి పట్టినా, అడవిలో దుంపలు తవ్వుకున్నా తప్పేముందని దాని భావం.

పెళ్ళాం బిడ్డల మాట అందులో ఉంది. ఈ కథ చెప్పేవాళ్ళు ఎవరూ అక్కడ ఆగరు, నేను ఆగుతాను. వద్దన్నది పోతన ఒక్కడే అయినా దాని ఫలితం అనుభవించింది ఇంటిల్లిపాది. అగ్రహారం వస్తే పిల్లలు కూర్చుని తినేవాళ్ళు. రాకపోతే వానలు పడితేనే తింటారు. మన దక్షిణ తెలంగాణ నేల ఎలాంటిదో మీకు చెప్పాలా? ఎర్ర దుబ్బ, రాళ్ళు, చెరువు నిండితే వరి, నిండకపోతే జొన్న. ఆ ఇంటి ఇల్లాలు ఏమనుకుందో ఏ పుస్తకంలోనూ లేదు.

సరస్వతి ఏడ్చిన కథ ఇక్కడే వస్తుంది. ఒక రాత్రి సరస్వతీదేవి కళ్ళనీళ్ళు కాటుకతో కలిసి కారుతుండగా పోతన ముందు నిలబడింది. నన్ను కూడా అమ్మేస్తావా అని ఆమె భయం. ఆకలి కోసం నిన్ను తీసుకెళ్ళి ఆ కర్ణాట రాజులకు అమ్మను తల్లీ, నన్ను నమ్ము అని పోతన ఓదార్చారు. ఈ పద్యం భాగవతంలోది కాదు, నోటి మీద వచ్చిన చాటువు. అందులో తిట్టింది కర్ణాట రాజులను, రాచకొండవాళ్ళను కాదు. అందుకే కొందరు, ఒత్తిడి తెచ్చింది విజయనగరం వైపు నుంచి అని, శ్రీనాథుడే మధ్యవర్తిగా వచ్చాడని చెప్తారు. ఏ రాజైనా పోతన జవాబు ఒక్కటే.

శ్రీనాథుడు పోతనకు బావమరిది అని, ఇద్దరి మధ్యా సరసాలూ పోట్లాటలూ నడిచాయని కథలు బోలెడు. ఇద్దరి కాలాలూ పూర్తిగా కలవవు, చుట్టరికానికి ఆధారం లేదు. అయినా ఒక కథ చెప్పకుండా వదలలేను. గజేంద్రుడి మొర విని విష్ణుమూర్తి లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు తీసుకోకుండా, గరుత్మంతుణ్ణి పిలవకుండా పరిగెత్తాడని పోతన రాశారు కదా. శ్రీనాథుడు నవ్వి, ఆయుధాలు లేకుండా వెళ్ళి మీ స్వామి ఏం చేస్తాడు, ఒడ్డున నిలబడి చూస్తాడా అన్నాడట. పోతన ఏమీ అనలేదు. భోజనాల వేళ పెరట్లో బావిలో ఒక పెద్ద రాయి పడేసి, అయ్యో బావా, నీ పిల్లవాడు బావిలో పడ్డాడని అరిచారు. శ్రీనాథుడు ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. చేతిలో తాడు లేదు, బొక్కెన లేదు. మరి తాడేది బావా అని పోతన అడిగారు. ఈ కథ నిజంగా జరగకపోవచ్చు. కానీ గజేంద్రమోక్షం మీద ఇంత చక్కని వ్యాఖ్యానం నేను ఏ పండితుడి నోటా వినలేదు.

గజేంద్రమోక్షం రాస్తున్నప్పుడే ఇంకొకటి జరిగిందంటారు. వైకుంఠపురం వర్ణన మొదలుపెట్టి, విష్ణువు ఆ పురంలో ఎక్కడ ఉన్నాడో తోచక పోతన గంటం కింద పెట్టి బయటికి వెళ్ళిపోయారు. ఆయన వచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. ఎవరు రాశారని కూతుర్ని అడిగితే, ఇప్పుడే నువ్వే వచ్చి రాసి వెళ్ళావు కదా నాన్నా అంది. రాముడు పోతన రూపంలో వచ్చాడని మన నమ్మకం.

మూడో మాట నివేదన. ఇది విద్ అనే ధాతువు, తెలియడం. నివేదన అంటే తెలియజేయడం. ఆఫీసులో నివేదిక పంపుతాం, అదీ ఇదే మాట. నైవేద్యం పెట్టడమంటే స్వామికి తినిపించడం అనుకుంటాం. మాటను బట్టి చూస్తే, స్వామీ ఈరోజు మా ఇంట్లో ఇది ఉంది అని తెలియజేయడం. పులిహోర ఉంటే పులిహోర, గంజి ఉంటే గంజి. దాచకుండా చెప్పడమే నివేదన. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తుల్లో ఆఖరిది ఆత్మనివేదనం, అంటే తనను తానే నైవేద్యం పెట్టుకోవడం. దానికి పెద్దలు ఉదాహరణగా చెప్పేది బలిచక్రవర్తిని.

వామనచరిత్ర పోతన చేతిలో ఎంత బాగా పండిందో మీకు తెలుసు. వచ్చినవాడు విష్ణువని, ఇస్తే సర్వం పోతుందని శుక్రాచార్యులు గురువుగా హెచ్చరించాడు. బలి వినలేదు. ఎంతమంది రాజులు ఈ భూమిని ఏలారు, పోయేటప్పుడు ఎవరైనా మూటగట్టుకుపోయారా, వాళ్ళ పేర్లైనా మిగిలాయా అని అడిగాడు. దానం ధార పోసేటప్పుడు శుక్రుడు కలశం రంధ్రానికి అడ్డుపడితే వామనుడు దర్భతో పొడిచాడు. ధార కారింది. చివరికి మూడో అడుగుకు తల ఇచ్చాడు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు రాచకొండ గుర్తుకొస్తుంది. అక్కడ రాజు ఇమ్మంటున్నాడు, కవి ఇవ్వనంటున్నాడు. ఇక్కడ ఆ కవే ఒక రాజు చేత అంతా ఇప్పిస్తున్నాడు.

ఇక మన పల్లె మాటలు, మొక్కు, ముడుపు. మొక్కు అంటే దండం పెట్టడం, మొక్కు అంటే ఇస్తానని మాట ఇవ్వడం. రెండూ ఒకటే మాట, వంగినవాడే మాట ఇవ్వాలి. ముడుపు అంటే ముడి వేసి పక్కన పెట్టింది. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి గూట్లో పెడతాం. ఇంట్లో ఉప్పుకు పైసలు లేకపోయినా ఆ ముడి ఎవరూ విప్పరు. యాదగిరిగుట్టకో, మన్యంకొండకో వెళ్ళేదాకా అది అలాగే ఉంటుంది. పోతన భాగవతం కూడా అలాంటి ముడుపే అనుకోండి. ఇంట్లో ఎంత అవసరం ఉన్నా విప్పలేదు.

రాజుకు కోపం వచ్చింది. ఇక్కడి నుంచి చెప్పేది అంతా జనం చెప్పుకునే కథే. పుస్తకం లాక్కురమ్మని భటులను పంపితే అడవిపందులు అడ్డం వచ్చి తరిమాయని, అది ఆదివరాహస్వామి లీల అని ఒక కథ. రాజు ఆ తాటాకులను భూమిలో పాతిపెట్టించాడని ఇంకో కథ. కొంతకాలానికి రాణి కలలో రాముడు కనిపించి చెప్పాడని, తవ్వి తీస్తే చాలా ఆకులు చెదలు తినేశాయని అంటారు.

కథ సంగతి ఎలా ఉన్నా, పోతన భాగవతంలో కొన్ని భాగాలు ఆయనవి కాకపోవడం మాత్రం నిజం. పన్నెండు స్కంధాల్లో ఐదోది గంగన రాశాడు, ఆరోది ఏర్చూరి సింగన రాశాడు, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయ రాశాడు. మొత్తం తొమ్మిది వేలకు పైగా పద్యాలూ వచనాలూ ఉన్న ఈ మహాగ్రంథం అలా నలుగురి చేతుల మీద మన దాకా వచ్చింది. పోతన రాసిన ఆకులు పాడైపోయాయా, ఆయన రాయకుండానే మిగిలిపోయాయా అన్నది పండితులు ఇంకా మాట్లాడుకుంటున్నారు.

రాచకొండ మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ శతాబ్దంలోనే బహమనీ సుల్తానుల చేతికి పోయింది. సింగభూపాలుడి రసార్ణవసుధాకరం సంస్కృతం చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చదువుతారు, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే.

నారయ గురించి ఒక్క మాట. తను రాసిన స్కంధాల చివర గద్యంలో ఆయన తన పేరుకు ముందు పోతన పేరు వేసుకున్నాడు. సహజ పాండిత్యం గల పోతనామాత్యుడికి ఇష్టమైన శిష్యుణ్ణని. ఆ రోజుల్లో అలాంటిచోట తండ్రి పేరు, గోత్రం, తనకున్న బిరుదులు రాసుకుంటారు. ఈయన గురువు పేరే తన మీద అచ్చు వేసుకున్నాడు. చెదలు తిన్నవో, రాయనివో, ఆ ఖాళీలను నింపి, అది కూడా పోతన భాగవతం అనే పేరుతోనే పోనిచ్చాడు. ఇప్పటికీ మనం పదకొండో స్కంధం చదువుతూ పోతనగారు ఎంత బాగా రాశారో అంటాం.

వచ్చే శనివారం వద్దెమాను నుంచి గోన బుద్ధారెడ్డి కథతో కలుద్దాం. జై శ్రీరామ్.